క్లాసుకు వెళ్ళనన్నాడు, గుడికి కాదు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. మూడు తరాలుగా కతోలికులం. మావారు హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో సూపర్‌వైజరు. క్రిస్మసుకు, ఈస్టరుకు తప్ప ఇంటికి రారు. నేను, అత్తగారు, పద్నాలుగేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప ఇక్కడ ఉంటాం. మా విచారణలో (పారిష్‌లో) ఏటా మే నెలలో పిల్లలకు సత్యోపదేశ తరగతులు (మతబోధ క్లాసులు) పెడతారు. ఈసారి బాబు రెండు రోజులు వెళ్ళి మానేశాడు. విశ్వాస సంగ్రహం అనే జపం మధ్యలో మరచిపోతే చిన్నపిల్లల వరుసలో నిలబెట్టి, ‘మీ మామ్మ పేరు చెడగొడుతున్నావు’ అన్నారట. ‘ఇంక నేనెళ్ళను’ అని కూర్చున్నాడు. ఆదివారం మాత్రం ఎవరూ చెప్పకుండానే పూజకు అరగంట ముందు వెళ్ళి పాటల బృందంతో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తాడు. రాత్రి ఏడున్నరకు జపమాల దగ్గర మా అత్తగారికీ వాడికీ రోజూ గొడవే. మావారు ఫోనులో, ‘పదో తరగతి బ్రిడ్జి కోర్సు ముఖ్యం, మిగతావి తరవాత’ అంటున్నారు. బాబుతో పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయించి, వాడి మనసులో ఏముందో గురువుగారిని (ఫాదర్‌ను) అడిగి తెలుసుకుందామా అనిపిస్తోంది. పాప ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకరణ (పూజలో మొదటిసారి అప్పం అందుకోవడం) కూడా ఈ వేసవి చివరే. గౌనుకు, విందుకు అప్పు చేయాలి. బాబుకు విశ్వాసం పోతోందా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పొడుగునా బాబు విశ్వాసం గురించిన భయమే కనిపిస్తున్నది గానీ, ఆ భయానికి జవాబు కూడా మీరే ఒక్క వాక్యంలో రాసి, దాన్ని పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపోయారు. ఎవరూ చెప్పకుండా ఆదివారం అందరికన్నా ముందు గుడికి చేరి, వైర్లు కలుపుకొని, పాటలకు తాళం సరిచూసుకొనే పిల్లవాడు దేవుడికి దూరమయ్యాడని నేను అనుకోను. వాడు వద్దన్నది ఆ తరగతిని. అందులోనూ తనను ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన నిలబెట్టిన ఆ పది నిమిషాలను. ఈ రెంటినీ మీరు ఒకటిగా చూస్తున్నంత కాలం, క్లాసుకు రమ్మన్న ప్రతిసారీ వాడికి గుడి మీద కూడా విసుగు పుట్టించినవారవుతారు.

కంఠస్థం చేయించడాన్ని నేను తప్పు పట్టడం లేదు. మన ప్రాంతంలో విశ్వాసం నిలబడిందే అలా. ఫ్రాన్సిస్ దె సాల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరిన తరువాత పల్లెలకు గురువు ఎప్పుడో గాని రాలేని రోజుల్లో, చదువు రాని జనానికి పరలోక జపం, మంగళవార్త జపం, పది ఆజ్ఞలు నోటికి నేర్పి నిలబెట్టినవారు ఉపదేశులు. మీ అత్తగారి తరం ఆ పద్ధతిలోనే పెరిగింది కనుక, అప్పజెప్పలేకపోవడం ఆమెకు అపచారంగా తోచడంలో వింత లేదు. అయితే అదే సభకు పేరిచ్చిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ ప్రసిద్ధికెక్కింది సౌమ్యతకు. పద్నాలుగేళ్ళవాణ్ణి అందరి ముందు నిలబెట్టి మామ్మ పేరెత్తడం ఆ సౌమ్యతలోకి రాదు. ఆ వయసు పిల్లలు దెబ్బనైనా మరచిపోతారు గానీ, తోటివాళ్ళ ముందు పోయిన పరువును మరచిపోరు.

ఇక మీకు ఊరట కలిగించే సంగతి ఒకటి. తిరుసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం ఆదివారం పూజలో పాల్గొనడం విధి. వేసవి తరగతి అటువంటి విధి కాదు, తల్లిదండ్రులకు తోడుగా విచారణ చేసే సాయం. కాబట్టి బాబు ఈ ఏడు ఆ తరగతి మానేస్తే పాపంలో పడ్డట్టు కాదు. అంతమాత్రాన నేర్చుకోవడం ఆగిపోకూడదు. వాడికి భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానపు విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) ఇంకా ఇవ్వకపోయి ఉంటే, అది ఏ ఏడు, దానికి ఏ సిద్ధపాటు కావాలి అన్నది గురువుగారిని ఇప్పుడే అడగండి. ఆ సంస్కారం పొందేవాడు తగిన బోధ పొంది, జ్ఞానస్నానపు వాగ్దానాలను తన నోటితో తిరిగి పలకగలిగి ఉండాలని చట్టమే చెబుతున్నది. బలవంతాన కూర్చోబెట్టి అప్పజెప్పించిన మాటలు ఆ వాగ్దానానికి అక్కరకు రావు. వాడు అడిగే ప్రశ్నలకు జవాబు దొరికే చోటు కావాలి.

అందుకని మొదట చేయవలసింది గురువుగారిని కలవడం. ఆదివారం పూజ అయ్యాక మెట్ల మీద నలుగురిలో కాకుండా, వారం మధ్యలో ఒక సాయంత్రం వెళ్ళండి, బాబును తీసుకుపోకండి. ఫిర్యాదు చేసినట్టు కాక, జరిగింది జరిగినట్టు చెప్పండి. తరగతి చెప్పిన వ్యక్తి పేరు ఆయన అడిగితేనే చెప్పండి, ఎందుకంటే వేసవి తరగతులు చెప్పేవాళ్ళలో చాలామంది ఎండలో, జీతం లేకుండా, బోధనలో శిక్షణ లేకుండా వచ్చే కుర్రవాళ్ళే. వాళ్ళను సరిదిద్దడం గురువుగారి పని. ఆ తరువాత రెండు విషయాలు అడగండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలను చిన్నవాళ్ళతో కలపకుండా వారానికి ఒక గంట విడిగా కూర్చోబెట్టగలరా అన్నది ఒకటి. మీ బాబుకు పిల్లల పాటలకు ప్యాడ్స్ వాయించే పని అప్పగించగలరా అన్నది రెండోది. నిలబెట్టిన చోటికే వాడు పని ఉన్నవాడిగా తిరిగి వెళితే పోయిన పరువు కొంత వెనక్కి వస్తుంది. ఈ మాట మీరు చెప్పకండి, గురువుగారే వాణ్ణి పిలిచి అడగాలి. అమ్మ ఏర్పాటు చేసిందని తెలిస్తే ఆ పని కూడా వద్దంటాడు.

మీవారి విషయంలో నేను కొంచెం కటువుగానే రాయవలసి వస్తున్నది. బ్రిడ్జి కోర్సు ముఖ్యమన్న ఆయన మాటలో తప్పు లేదు. పదో తరగతి పిల్లవాడికి వేసవి చదువు అవసరమే, దానికీ పూజకూ పోటీ పెట్టకండి. అయితే మన ఇళ్ళలో పాతుకుపోయిన అలవాటొకటి ఇక్కడ కూడా కనిపిస్తున్నది. మార్కుల సంగతి నాన్న చూస్తాడు, ప్రార్థన సంగతి అమ్మా మామ్మా చూసుకుంటారు. పద్నాలుగేళ్ళ మగపిల్లవాడు దీన్ని గమనించి, ప్రార్థన ఆడవాళ్ళ వ్యవహారమని తీర్మానించుకుంటాడు. ఆయన హైదరాబాదులో ఆదివారం పూజకు వెళుతున్నారో లేదో మీరు రాయలేదు. వెళుతుంటే ఆ సంగతి బాబుకు తెలియాలి. వారానికోసారి ఫోనులో మార్కులు కాకుండా, ‘ఈ ఆదివారం ఏ పాటలు వాయించావురా, గురువుగారు ఏం ప్రసంగించారు?’ అని ఆయన అడిగితే, మీరూ అత్తగారూ నెల రోజులు చెప్పినదానికన్నా అది వాడి మీద ఎక్కువ పనిచేస్తుంది. ఒకవేళ ఆయన వెళ్ళకపోతుంటే, ముందు మీరిద్దరూ మాట్లాడుకోవలసింది ఆ విషయం. బాబు సంగతి తరువాత.

జపమాల గొడవకు మూలం భక్తి లోపమా, గడియారమా అన్నది చూడండి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ మొదలయ్యేది ఏడున్నరకే. మే నెల దేవమాత నెల కనుక మీ అత్తగారు జపమాలను వదులుకోరు, వదులుకోమని అడగనూ కూడదు. అయితే అది ఆరున్నరకు మొదలైతే దేవమాతకు వచ్చే లోటు లేదు. దీపాలు పెట్టే వేళ కనుక, పొలం నుంచి వచ్చినవాళ్ళకూ అది అనుకూలమే. ఆమెతో ఈ మాట అనేటప్పుడు క్రికెట్ పేరెత్తకండి. ‘అత్తయ్యా, పాప తొందరగా నిద్రపోతోంది, కాస్త ముందు మొదలుపెడదాం’ అనండి, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. జపమాలలోని ఐదు రహస్యాల్లో (భాగాల్లో) ఒకటి బాబు చెప్పించేలా చూడండి, మిగతా నాలుగింటికి కునికితే ఊరుకోండి. మామ్మకు ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉంటుంది, అది మీకన్నా మీవారు చెబితే ఆమె వింటారు: మనవడు తడబడితే తన పేరు చెడదని, ఆ సంగతి వాడి ముందు ఆమే ఒకసారి నోరారా అనాలని.

పాపసంకీర్తనం ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. అక్కడ విన్నది గురువు ఎవరికీ, ఏ కారణం చేతనూ చెప్పకూడదు. తిరుసభ దాన్ని ఎంత కఠినంగా కాపాడుతుందంటే, ఆ రహస్యాన్ని నేరుగా వెల్లడించిన గురువు వెలికి గురవుతాడు. మీరు అడిగితే గురువుగారు ఇబ్బంది పడతారు. మీరు అడిగారన్న మాట బాబు చెవిన పడితే వాడు జన్మలో ఆ పీఠం దగ్గర మోకరించడు. వాడి మనసులో ఏముందో తెలుసుకోవాలంటే వాణ్ణే అడగండి, కానీ ఎదురుగా కూర్చోబెట్టి కాదు. మామిడికాయలు కోసేటప్పుడో, బజారుకు బండి మీద వెళ్ళేటప్పుడో అడగండి. ‘ఆ రోజు క్లాసులో నీకు బాగా కష్టమనిపించిందా?’ అని అడిగి ఊరుకోండి. వాడు ఏమీ అనకపోయినా రెండోసారి అడగకండి.

చివరగా పాప గౌను. అప్పు చేయకండి. 1910లో పదవ పయస్ పాపుగారు చిన్నపిల్లలకు దివ్యసత్ప్రసాదం ఇవ్వాలని ఆదేశించినప్పుడు, ఆ అప్పం మామూలు రొట్టె కాదని వాళ్ళు గుర్తించగలగాలని, తమ వయసుకు తగ్గ భక్తితో దగ్గరకు రావాలని కోరారు. గౌను సంగతి, భోజనాల సంగతి అందులో లేవు. సిద్ధం చేసే బాధ్యతను తిరుసభ చట్టం మొదట తల్లిదండ్రుల మీదనే ఉంచింది కనుక, డబ్బు కోసం తిరిగే ఆ సాయంత్రాలు పాపతో కూర్చోవడానికి ఉంచుకోండి. నిరుడు స్వీకరించిన పిల్లల ఇళ్ళలో గౌను అడిగి తెచ్చుకోవడంలో చిన్నతనం లేదు. విచారణలో అవి అలా ఇంటింటికీ తిరుగుతూనే ఉంటాయి, పొడవు ఎక్కువైతే అంచు మడిచి కుట్టించండి. విందు పెట్టలేదని బంధువులు ఏమైనా అంటే, ఆ జవాబు మీ అత్తగారికి వదిలేయండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆ పని ఆమె బాగా చేయగలరనే అనుకుంటున్నాను.