అమెరికాలో కారు బాడీ రిపేర్ కోర్సు చేస్తే దండగా?

"గ్రీన్ కార్డు మీద వచ్చాను, డిగ్రీ ఉంది. కమ్యూనిటీ కాలేజీలో ఆటో బాడీ, కొలిజన్ రిపేర్ (యాక్సిడెంటైన కార్లను బాగుచేసే) కోర్సు చేయాలనుంది. దండగవుతుందా?" అని ఒకరు అడిగారు. కానే కాదు. నేను టెక్సాస్‌లో సాయంత్రం క్లాసులకెళ్లి ఈ కోర్సు చేసి, ఇప్పుడు ఇదే పనిలో ఉన్నాను.

మనవాళ్లకు ఈ పని అనగానే సుత్తి, పుట్టీ, రంగు గుర్తొస్తాయి. "టింకరింగ్ నేర్చుకోడానికి అమెరికా దాకా ఎందుకురా, మన విజయవాడ ఆటోనగర్ లేదా?" అన్నాడు మా పెదనాన్నగారి అబ్బాయి. ఆటోనగర్ మేస్త్రీల పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇప్పటి కారులో ఒక్కో చోట ఒక్కో రకం లోహం ఉంటుంది. చాలా కార్లలో డోర్ల మధ్య పిల్లర్‌కి వాడే బోరాన్ స్టీల్ అనే చాలా గట్టి ఉక్కును వేడిచేసి సాగదీస్తే బలం పోతుంది, మార్చాల్సిందే. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు బాడీ అల్యూమినియం. స్టీల్ మీద రుద్దిన గ్రైండింగ్ డిస్క్‌తోనే దాన్నీ రుద్దితే తర్వాత పెయింట్ కింద పొక్కులు లేస్తాయి. ఇవన్నీ చూసి పట్టుకునేవి కావు, చదివి తెలుసుకోవాలి.

మా వెల్డింగ్ క్లాసులో ఒకరోజు అందరం రెండేసి రేకు ముక్కలకు ప్లగ్ వెల్డ్ (పై రేకుకు చేసిన రంధ్రంలోంచి కింది రేకుకు అతికే వెల్డ్) వేశాం. మా పక్క బెంచీ కుర్రాడిది చూడముచ్చటగా వచ్చింది, గుండ్రంగా, నున్నగా. సార్ దాన్ని వైస్‌లో బిగించి, రెండు రేకుల మధ్య ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశారు. టక్కున ఊడిపోయింది. కింది రేకు మీద మసి మచ్చ తప్ప ఏమీ లేదు. తర్వాత ఒకావిడ వేసిన వంకరటింకర వెల్డ్. ఎంత కొట్టినా అతుకు వదల్లేదు, చివరికి కింది రేకే చిరిగి ఆ ముక్క వెల్డ్‌కి బొత్తాంలా అంటుకుని వచ్చింది. "ఇదే పాస్" అన్నారు సార్. పైన గ్రైండ్ చేసి రంగు వేస్తే ఆ రెండిటికీ తేడా కారు ఓనరుకు ఎప్పటికీ తెలియదు, మళ్లీ యాక్సిడెంట్ అయితే తప్ప.

డాలస్‌లో అదే జరిగింది. ఒక హోండా ఫిట్ రూఫ్‌ని వెల్డ్ చేయాల్సింది పోయి జిగురుతో అతికించారు. ఆ సంగతి తెలియక సెకండ్‌హ్యాండ్‌లో కొన్న దంపతులు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు. 2017లో జ్యూరీ ఆ రిపేర్ చేసిన షాపు 3 కోట్ల 15 లక్షల డాలర్లు కట్టాలంది. నన్నడిగితే అదీ తక్కువే.

ఇన్సూరెన్స్ వాళ్ల సంగతి వేరే చెప్పాలి. బంపర్ మార్చాక దాని వెనక, చుట్టూ ఉన్న వాహనాలను పసిగట్టే రాడార్‌ను క్యాలిబ్రేట్ చేయాలని (మళ్లీ సరిగ్గా గురి కుదర్చాలని) కారు కంపెనీ మాన్యువల్ చూపించినా, "అవసరమా?" అని బేరాలాడతారు. చదువుకున్నవాడైతే ఆ పేజీ ముందు పెట్టి గట్టిగా నిలబడతాడు. డిగ్రీ ఉన్నవాళ్లు ఈ పనిలోకి రావాలని నేననేది అందుకే.

చేరే ముందు కాలేజీ వర్క్‌షాపు చూసి రండి. రంగు కొట్టే గదిలో (స్ప్రే బూత్‌లో) గాలి సరిగ్గా లాగుతోందా, బయటి నుంచి గాలి అందించే మాస్కులు ఇస్తున్నారా అడగండి. రంగు మీద వేసే మెరుపు పూత (క్లియర్ కోట్) గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లనే రసాయనాల వల్ల ఆస్తమా వస్తుంది, దుమ్ము మాస్కు వాటిని ఆపలేదు. అక్కడ నీళ్లు నమిలితే ఫీజు కట్టకండి, ఇంకో కాలేజీ చూసుకోండి.