ఎండల్లో ఆవు నెమరు తగ్గితే

అన్నా, మీ జెర్సీ ఆవులు రెండూ వారం నుంచి గడ్డి వదిలేసి దాణా మాత్రమే తింటున్నాయి, పెండ పల్చగా పడుతోంది, పాలకేంద్రంలో ఫ్యాట్ కూడా తగ్గిందన్నారు కదా. నాకైతే ఇది కడుపులో పులుపు పెరిగినట్టే ఉంది. ఎండకు ఆవు వగరుస్తూ చొంగ కారిస్తే, కడుపులో పులుపును విరిచే లాలాజలం నేలపాలవుతుంది. నెమరు తగ్గితే అది ఊరేదీ తక్కువే.

పోయిన మే నెలలో పరకాల దగ్గర మా కొట్టంలోనూ ఇదే గోల. పాలు తగ్గాయని మక్కపిండి ఇంకో కిలో పెంచాను, దాంతో కడుపులో పులుపు ఇంకా పెరిగింది, అదే నా తెలివితక్కువ పని! మీరు పిండి తగ్గించి, దాణాలో ఆవుకు రోజుకు 50 గ్రాముల వంటసోడా రెండు పూటలుగా కలపండి. వరిగడ్డి తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాక వేయండి, మధ్యాహ్నం వేస్తే ముట్టవు. నీళ్ల తొట్టి నీడలో ఉండాలి. మాది ఎండలో ఉండేది, చెయ్యి పెడితే చురుక్కుమనేది.

పడుకున్న ఆవును కాసేపు గమనించండి. ఒక్కో ముద్దను 50, 60 సార్లు నమిలితే టెన్షన్ లేదు. నెమరు పూర్తిగా ఆగినా, ఆవు లేవకపోయినా సోడాతో సరిపెట్టకుండా అదే రోజు పశువుల డాక్టర్‌ను పిలవండి.