కొత్త బేరింగులు 40 గంటలకే గీతలు పడ్డాయంటే: క్రాంక్ ప్లగ్గులు విప్పారా?

పాత ట్రాక్టర్ ఇంజిన్ బాగు చేయించిన ఒకరు అడిగారు: ఆయిల్ పంపు కొత్తదే, క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) గ్రైండింగ్ అయింది, అయినా బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే చోటు) బేరింగులు 40 గంటలకే గీతలు పడ్డాయన్నారు. క్రాంక్ లోపలి ఆయిల్ రంధ్రాల్లో మిగిలిన ఇనుప పొడి వల్ల తరచూ ఇలా అవుతుంది.

పాత 3 సిలిండర్ల ట్రాక్టర్ ఇంజిన్లలో కొన్ని క్రాంకులకు ఆ రంధ్రాల చివర ప్లగ్గులుంటాయి. క్రాంక్ తిరిగే వేగానికి మడ్డి, పొడి వెళ్లి ఆ ప్లగ్గుల వెనకే గట్టిపడతాయి. పైనుంచి గాలి కొడితే అవి రావు. అందరూ వదిలేసేది ఇదే.

1. ప్లగ్గులన్నీ విప్పండి. మరతో ఉన్నవి బిగుసుకుంటే కాస్త వేడి చేయండి. కొట్టి బిగించినవైతే లేత్ షాపులో తీయించండి.
2. సన్నటి నైలాన్ బ్రష్, డీజిల్‌తో రెండు వైపుల నుంచీ రుద్దండి. ఇనుప తీగ వద్దు.
3. కళ్లద్దాలు పెట్టుకుని కంప్రెసర్ గాలి కొట్టండి. తెల్లగుడ్డ అడ్డం పెట్టండి, నల్లమరక పడనంతవరకూ మళ్లీ కడగండి.
4. ప్లగ్గు చోటు వేలితో మూసి, మెయిన్ (క్రాంక్ బ్లాకులో కూర్చునే చోటు) రంధ్రంలో ఆయిల్ పోస్తే బిగ్ ఎండ్ వైపు ధారగా రావాలి.
5. కొత్త ప్లగ్గులు వేసి, ఊడకుండా అంచు పంచ్ చేయించండి. ఒక్కటి ఊడినా ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది.

బ్లాక్ గ్యాలరీ (ఇంజిన్ బ్లాక్ లోపలి ప్రధాన ఆయిల్ దారి) ప్లగ్గులకూ ఇలాగే విప్పి కడగాలి. బిగించేటప్పుడు మెయిన్ బేరింగ్ రంధ్రం బ్లాక్ రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో కళ్లారా చూడండి.

ఇంజిన్‌కు డీజిల్ రాకుండా ఆపి, ఆయిల్ ప్రెజర్ గేజ్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.