పడుకోగానే పాత ఆలోచనలే

ప్రశ్న: రాత్రి పడుకోగానే చేసిన తప్పులే గుర్తొస్తాయి. మర్చిపోదామని ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట దాటుతోంది. రెండు రోజులకు మించి మానలేకపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఆలోచనను బలవంతంగా నెట్టేస్తే ఇంకా గట్టిగా తిరిగొస్తుంది. దానికి సాయంత్రమే 15 నిమిషాలు కేటాయించండి. 'నేనెందుకూ పనికిరాను' అని కాదు, 'మీటింగ్‌లో లెక్క తప్పు చెప్పాను, రేపు సరిచేసి పంపాలి' అని కాగితం మీద రాయండి. రాత్రి మళ్లీ గుర్తొస్తే రేపటి సాయంత్రానికి వాయిదా వేయండి.

ఫోన్ మాత్రం చేతికి అందకూడదు. ఛార్జర్ పక్క గదిలో పెట్టి, అలారానికి విడిగా గడియారం వాడండి. దిండు పక్కన పుస్తకం ఉంచి రెండు పేజీలే చదవండి. ఎక్కువ పెట్టుకుంటే అలసిన రోజున మానేస్తారు. 2010లో వెలువడిన ఒక లండన్ పరిశోధన ప్రకారం అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పడుతుంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని అందులోనే తేలింది, కాబట్టి మర్నాడు మామూలుగా కొనసాగించండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతింటే మానసిక వైద్యులను కలవండి.