భద్రత పేరుతో అప్పా? ముందు అత్యవసర నిధి చూసుకోండి

ప్రశ్న: నా రోడ్ సైకిల్‌కు కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, 11 స్పీడ్ గేర్లు (వెనక 11 పళ్ల చక్రాలు) ఉన్నాయి. వానలోనూ, దిగుడు రోడ్ల మీదా లీవర్ చాలా గట్టిగా నొక్కాల్సి వస్తోంది. షిమానో కంపెనీ 12 స్పీడ్ హైడ్రాలిక్ (కేబుల్ బదులు ద్రవ ఒత్తిడితో బ్రేకు వేసే) లీవర్లకు మారాలనుకుంటున్నాను. చేతిలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది. దాన్ని కదపకుండా క్రెడిట్ కార్డు మీద కొని, నెలనెలా వీలైనంత కడతాను. భద్రత కోసం పెట్టే ఖర్చే కదా, ఫర్వాలేదా?

జవాబు: వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ చివరి వాక్యం కోసమే. కోరికకు భద్రత అని పేరు పెట్టుకుని అప్పు చేయడం చాలామందిలో చూస్తున్నాను. బ్రేకులు నిజంగా పట్టడం లేదంటే ఈరోజే ప్యాడ్లు, కేబుళ్లు మార్పించండి. ఆ చిన్న ఖర్చు మీ పొదుపులోంచే పెట్టండి, అది న్యాయమైన ఖర్చు.

లీవర్ల దగ్గరే ఖర్చు ఆగదన్నది మీ లెక్కలో లేదు. హైడ్రాలిక్ లీవర్ కేబుల్ కాలిపర్‌ను (చక్రం దగ్గర డిస్క్‌ను నొక్కి పట్టే భాగాన్ని) నడపలేదు కాబట్టి కాలిపర్లు, ద్రవం వెళ్లే హోస్‌లు కొత్తవి కావాలి. గేర్లు మార్చేదీ ఆ లీవరే, అది 12 స్పీడ్ కాబట్టి వెనక డీరైలర్ (చైన్‌ను ఒక చక్రం నుంచి మరో చక్రానికి జరిపే భాగం), క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చైన్ కూడా మారాలి. పైగా బిగింపు, బ్లీడింగ్ (హోస్‌లలోంచి గాలి తీసేయడం) కూలీ. ఇదంతా కార్డు మీదికే వెళుతుంది.

'వీలైనంత కడతాను' అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. నెలకు 3 శాతం వడ్డీ అనుకున్నా, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొనే సరుకులకూ సాధారణంగా వడ్డీ లేని గడువు ఉండదు. ఇలాంటి అప్పు ఏ సైకిల్ భాగానికీ తగదు.

అసలు సమస్య ఆ ఒక్క నెల పొదుపు. జీతం రెండు నెలలు ఆగితే అద్దె ఎలా కడతారు? రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి కాలర్‌బోన్ విరగడం అరుదైన గాయం కాదు. వారాల తరబడి పనికి వెళ్లలేకపోతే ఇల్లు గడిపేది అత్యవసర నిధే. కనీసం ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టండి, వెంటనే తీసుకోగలిగే చోట, రోజువారీ ఖాతాకు వేరుగా. కార్డుకు కడదామనుకున్న మొత్తాన్ని జీతం వచ్చిన రోజే అక్కడికి మళ్లించండి. నిధి నిండాక అదే మొత్తాన్ని లీవర్ల కోసం దాచుకుని, పూర్తి నగదుతో కొనండి. అప్పటికీ ఆ కోరిక ఉంటే హాయిగా కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను.

అంతవరకూ ఆగలేకపోతే, పాత లీవర్లనే ఉంచి కేబుల్‌తో నడిచే హైడ్రాలిక్ కాలిపర్లు పెట్టించుకోవచ్చు. మీ గేర్లకు సరిపోయే 11 స్పీడ్ హైడ్రాలిక్ లీవర్లు దొరికితే గేర్ల భాగాలు మార్చే పని తప్పుతుంది. ఏదైనా నగదుతోనే.

ఆరోగ్య బీమాతో పాటు వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. తాత్కాలికంగా పని చేయలేని రోజులకు పరిహారం ఇస్తుందా అని అడగండి. సైకిల్ రేసుల్లో పాల్గొంటుంటే, వాటికి మినహాయింపు ఉందేమో చదివాకే సంతకం పెట్టండి.