విలువలు ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు

ప్రశ్న: నేను ఇటీవలే ఒక సంస్థలో పన్నెండు మంది ఉన్న బృందానికి మేనేజర్‌నయ్యాను. శిక్షణలో మా విలువలు రాసుకోమంటే నిజాయితీ, కరుణ, నిష్పాక్షికత, నాణ్యత, విధేయత అని రాశాను. ఇంట్లో తీవ్రమైన అనారోగ్యం ఉండడం వల్ల మా సహోద్యోగి ఒకరు కొన్ని నెలలుగా సగం పని కూడా చేయలేకపోతున్నారు. ఆ భారం మిగతావారు మోస్తున్నారు. వార్షిక మదింపులో ఆయనకు అందరితో సమానమైన రేటింగ్ ఇస్తే వాళ్లకు అన్యాయం, తగ్గిస్తే ఆయన పట్ల నిర్దయ. నేను రాసుకున్న కాగితం ఏ దారీ చూపడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసుకున్నవి మంచి విలువలే. వాటిలో ఏది ముందో, ఒక్కొక్కదాని కోసం మీరు ఏం చేస్తారో రాయలేదు కనుకనే ఆ కాగితం మీకు అక్కరకు రావడం లేదు. నిజాయితీ అక్కర్లేదనే మేనేజర్ ఎవరూ ఉండరు. 2001 డిసెంబరులో దివాలా తీసిన అమెరికా ఇంధన సంస్థ ఎన్‌రాన్ కూడా గౌరవం, చిత్తశుద్ధి, శ్రేష్ఠత వంటివే తన విలువలని ప్రకటించుకుంది; అదే సంస్థ తన అప్పులను లెక్కల్లో కనబడకుండా దాచింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ జాన్సన్ అండ్ జాన్సన్. 1943లో రాసుకున్న తమ విధాన ప్రకటనలో ఆ సంస్థ తమ ఉత్పత్తులను వాడేవారిని మొదట, వాటాదారులను చివర ఉంచింది. 1982లో షికాగో ప్రాంతంలో ఆ సంస్థ అమ్ముతున్న నొప్పి మందు టైలెనాల్ గుళికల్లో ఎవరో సైనైడ్ విషం కలపగా, వాటిని మింగి ఏడుగురు చనిపోయినప్పుడు, భారీ నష్టానికి సిద్ధపడి అమెరికా అంతటా సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. ఎవరికి ముందు జవాబుదారీ కావాలన్న ప్రశ్నకు సమాధానం అప్పటికే రాసి ఉండడం ఆ నిర్ణయానికి బలమిచ్చిందని నేను నమ్ముతాను.

మీ ఇబ్బందికి ఇంకొక మూలం కూడా ఉంది. మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో పది మౌలిక విలువలను ఒక వలయంలా అమర్చి, ఎదురెదురుగా ఉన్నవి పరస్పరం ఘర్షణ పడతాయని, పక్కపక్కనున్నవి పొసగుతాయని వివరించారు. దగ్గరివారి మేలు కోరడం, అందరి పట్లా సమదృష్టి చూపడం అందులో ఇరుగుపొరుగు విలువలు. అయినా మీ దగ్గర అవి తగువులాడుతున్నాయంటే, కళ్లెదుట కష్టపడుతున్న ఒక్కరే మీకు దగ్గరివారుగా కనిపిస్తున్నారేమో చూసుకోండి. నోరు విప్పకుండా అదనపు పని చేస్తున్నవారు కూడా మీ కరుణకు అర్హులే కదా.

అందుకని రేటింగునూ సాయాన్నీ విడదీయమని నా సలహా. రేటింగ్ అనేది జరిగిన పనికి సాక్ష్యం. అందులో దయ కలిపితే మిగతా రేటింగులన్నీ విలువ కోల్పోతాయి. దయ చూపడానికి వేరే మార్గాలున్నాయి: సెలవు ఇప్పించడం, పనిగంటలు తగ్గించడం, పై అధికారులతో మాట్లాడి ఆయన లక్ష్యాలను అధికారికంగా సవరించడం. ఇకపై సవరించిన లక్ష్యాలతోనే ఆయన పనిని కొలిస్తే, అబద్ధమాడకుండానే ఆయనకు న్యాయం చేసినవారవుతారు. భారం మోసినవారి శ్రమ వారి మదింపులో స్పష్టంగా నమోదు కావాలి. ఇలాంటి కష్టం రేపు మరొకరికి వస్తే ఇదే సౌకర్యం ఇవ్వగలరా అని ఆలోచించుకోండి. ఇవ్వలేనిదైతే ఈయనకూ ఇవ్వవద్దు.

ఆ తర్వాత మీ జాబితాను తిరిగి రాయండి. గత ఏడాది మీరు తీసుకున్న కష్టమైన నిర్ణయాలను గుర్తు చేసుకుని, ప్రతిదానిలో దేన్ని కాపాడుకున్నారో, దేన్ని వదులుకున్నారో పక్కన రాస్తే మీ అసలు వరుస బయటపడుతుంది. మనం చెప్పే సూత్రాలూ మన చేతల వెనకున్న సూత్రాలూ వేరువేరుగా ఉంటాయని, ఆ తేడా సాధారణంగా మనకే కనబడదని సంస్థల్లో మనుషులు ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షోన్ 1974లోనే చెప్పారు. కాబట్టి మీ నిర్ణయాలను దగ్గరగా చూసిన సహోద్యోగిని ఒకరిని కూడా అడగండి. ‘నిష్పాక్షికత’ అన్నచోట ‘ఒకరికిచ్చిన వెసులుబాటు అదే స్థితిలో ఉన్న అందరికీ ఇస్తాను’ అన్నట్టు, ఎవరైనా చూసి అవునో కాదో చెప్పగలిగేలా రాయండి. విధేయతను మాత్రం తీసేయమంటాను. ఎవరి పట్లో, ఎంతవరకో చెప్పని విధేయత ఒత్తిడి వచ్చినప్పుడు నిజాయితీనే ముందుగా బలి తీసుకుంటుంది.

రేటింగ్ ఖరారు కాకముందే ఆయనతో ఏకాంతంగా మాట్లాడండి. ఏ రేటింగ్ రాబోతోందో, దానికి కారణమేమిటో, రాబోయే నెలల్లో ఏ సాయం అందుతుందో మీ నోటితోనే చెప్పి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఆయన ఇంటి విషయం ఆయన అనుమతి లేకుండా బృందంలో ఎవరికీ చెప్పవద్దు; పని పంపకం ఎందుకు మారుతోందని అడిగితే, మార్పు ఎంతకాలమో చెబితే చాలు.