అక్కతో ఓ మాట: కొండ మెట్లు, బావి ఈత, మామిడి తోపు

కత్తిరి ఎండలు మొదలైనాయి, తిరుపతిలో పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి కనపడటం లేదు, ఇట్లాంటి ఎండల్లో కూడా కూర్చుని ఇంతింత పొడుగు ఉత్తరాలు రాసి పంపినారంటే నాకు నిజంగా సంతోషం. ఈ నెల వచ్చినవన్నీ సెలవుల గురించే, పిల్లల గురించే. వాటిల్లో చాలామంది చివర్లో 'నాకూ ఒకటి చెయ్యాలని ఉంది అక్కా' అని ఒక్క లైను రాసినారు. నేను ఆ చివరి లైను పట్టుకునే జవాబులు రాస్తున్నా.

*అక్కా, నాకు 38. మాది కొర్లగుంట. ప్రతి జనవరికీ డైరీలో రాసుకుంటా, రోజూ వాకింగ్, టైలరింగ్, ఇంగ్లీషు మాట్లాడటం, బరువు తగ్గడం, నడిచి కొండెక్కడం అని, ఉగాది లోపలే అన్నీ ఆగిపోతాయి. తిరుపతిలోనే పుట్టి పెరిగినా పెళ్ళికి ముందు ఒక్కసారి నడిచి ఎక్కినా, అంతే. ఇప్పుడు పాపకి 11, బాబుకి 7, ఇద్దరూ లేస్తానే ఫోను. ఈ సెలవుల్లో ఇద్దర్నీ తీసుకుని నడిచిపోవాలని ఉంది. మా ఆయనేమో ఈ ఎండలో ఎందుకు, బస్సులో పోదాం అంటాడు. మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆమెని ఇంట్లో వదిలి పోయేదానికి మనసు రాదు. ఏం చేసేది? — ఒక చెల్లి, తిరుపతి*

చెల్లీ, ముందు ఆ డైరీలో ఉన్న అయిదింట్లో నాలుగు కొట్టెయ్. ఎప్పటికీ కాదులే, జూన్ దాకా. కొండ నడక ఒక్కటే ఉంచుకో. ఎందుకంటే మిగతా నాలుగూ నువ్వొక్కదానివే చేసుకోవాల్సినవి, ఎవరికీ తెలియకుండా మొదలైతాయి, ఎవరికీ తెలియకుండానే ఆగిపోతాయి. కొండ అట్లా కాదు, ఇంటిల్లిపాదికీ చెప్పి చేసేది, తలా ఒక పని అప్పజెప్పొచ్చు. ఇన్నేళ్ళుగా మీ ఉత్తరాలు చదువుతా నాకు అర్థమైంది ఏమంటే, ఆడవాళ్ళ కోరిక ఆగిపోయేది బద్ధకం వల్ల కాదు, ఆ కోరికలో ఇంట్లో ఇంకొకరికి పని లేకపోవడం వల్ల.

దారి సంగతి. అలిపిరి నుంచి 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చంద్రగిరి వైపు, శ్రీనివాసమంగాపురం దగ్గర నుంచి పోయే శ్రీవారి మెట్టు 2388 మెట్లే, దూరం కూడా 2 కిలోమీటర్ల పైచిలుకే, కానీ అది నిట్టనిలువుగా ఎక్కిస్తుంది, ఊపిరి ఆడనియ్యదు. తక్కువ మెట్లు కదా అని చాలామంది పిల్లల్ని అటు తీసుకుపోతారు, నేనైతే నీకు అలిపిరే చెప్తా. గాలిగోపురం దాకానే అసలు కష్టం, అక్కడికి రెండు వేల మెట్లు అయిపోతాయి, ఆ తర్వాత చాలా దూరం చదునుగా ఉంటుంది, మళ్ళీ చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర గట్టిగా ఎక్కాలి. రాత్రిపూట మిద్దె మీద నుంచి చూస్తే కొండ మీద నామాలు, శంఖు చక్రాల లైట్లు కనిపిస్తాయి చూడు, అవి ఉండేది ఆ గాలిగోపురం దగ్గరే. ఈ రోజు రాత్రికే నీ కొడుకుని మిద్దె ఎక్కించి 'అదిగో అక్కడికి నడిచి పోతాం మనం' అని చూపించు. ఏడేళ్ళ పిల్లోడికి మెట్ల లెక్క పట్టదు, ఆ లైటు పడుతుంది.

రేపట్నుంచి పొద్దున అయిదున్నరకి ముగ్గురూ కపిలతీర్థం దాకా నడిచి వెనక్కి రండి. ఒక వారం అట్లా చేసి, రెండో వారం అలిపిరిలో ఒక మూడు నాలుగు వందల మెట్లు ఎక్కి దిగండి, దిగేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి, అది ముందే తెలియడం మంచిది. అసలు రోజు తెల్లారుతుండగా, జనం గుంపులు గుంపులుగా ఎక్కే టైములో బయల్దేరండి. 2023 ఆగస్టులో ఆ దారిలోనే చిరుత ఒక చిన్న పాపని పొట్టన పెట్టుకుంది, ఆ బాధ ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు. అప్పట్నుంచి మధ్యాహ్నం 2 దాటితే చిన్నపిల్లల్ని మెట్ల దారిలో పంపడం లేదు. కాబట్టి లేటుగా పోయి గేటు దగ్గర బతిమాలుకోవద్దు, బాబుని ముందు ఉరకనియ్యొద్దు, చెయ్యి వదలొద్దు. పైకప్పు ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా తగలదు, కానీ ఉక్క ఉంటుంది, నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ సీసాలో పోసుకోండి. బ్యాగులు మోసుకోవద్దు, కింద లగేజీ కౌంటర్లో ఇస్తే ఫ్రీగానే పైకి పంపిస్తారు.

ఇప్పుడు మీ అత్తమ్మ. ఆమెని వదిలిపెట్టి పోవడం ఎందుకు? మీ ఆయన బస్సే కదా అంటున్నాడు, తల్లీ కొడుకులు బస్సులోనే రానీ. ఆమె చేతి పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని పైన మీకోసం కూర్చుంటుంది. మెట్లెక్కి ఆకలితో వచ్చే పిల్లలకి అవ్వ ఎదురు కనపడటం ఎంత బాగుంటుందో ఊహించు. ఆమెకి కూడా మోకాళ్ళ నొప్పుల మనిషిగా కాకుండా పని ఉన్న మనిషిగా ఆ రోజు గడుస్తుంది.

దర్శనం అయినాక ఓపికుంటే చక్రతీర్థం దగ్గర శిలాతోరణం పాపకి చూపించు. మనిషి కట్టింది కాదు, రాయి అట్లా అరిగి అరిగి తోరణంలా నిలబడింది. ఆరో క్లాసుకి పోయే పిల్లకి ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. ఈ కొండల్లో, ఘాట్‌రోడ్డు పక్కనే, కింద ఉండే పాత రాతికీ దాని మీద కూర్చున్న రాతికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ తేడా ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కూడా గుర్తించినారు. మనం ఎన్నిసార్లో బస్సు కిటికీలో నుంచి చూసి ఊరికే పోయిన రాయి అది.

*అక్కా, నేను 14 ఏళ్ళ అబ్బాయిని. సెలవులకి పాకాల దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి వచ్చినా. ఇక్కడ నా వయసోళ్ళంతా బావిలో ఈత కొడతా ఉండారు, నేనొక్కణ్ణే గట్టు మీద కూర్చుంటా. నేర్చుకోవాలని శానా ఉండాది. మా నాయన వద్దంటే వద్దంటాడు, ఆయన చిన్నప్పుడు స్నేహితుడు ఒకడు మునిగి చచ్చిపోయినాడంట. ఎట్ల ఒప్పించేది?*

నాయనా, నేను మీ నాన్న వైపే. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు, కళ్ళారా చూసి వచ్చింది. ఆయనకి తెలియకుండా మాత్రం ఒక్కరోజు కూడా దిగొద్దు, ఈ మాట నేను చాలా గట్టిగా చెప్తున్నా. కానీ నీ కోరిక కూడా మంచిదే, ఈత వచ్చినోడికి నీళ్ళంటే లెక్క తెలుస్తుంది. అందుకని 'నన్ను పంపు' అని అడగొద్దు, 'నాయనా, నువ్వే వచ్చి నేర్పియ్' అని అడుగు. ఆయనకి రాకపోతే మీ మామో చిన్నాయనో ఎవరికి బాగా వస్తే వాళ్ళని పిలిచి, మీ నాన్నని గట్టు మీద తాడు పట్టుకుని ఉండమను. మా తాత మాకు అట్లనే నేర్పినాడు, నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి, తాడు పైన ఆయన చేతిలో. ఇప్పుడు అందరూ మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను కడుతున్నారు.

బావి కూడా చూసుకోవాలి. దిగేదానికి మెట్లు సరిగ్గా ఉండాల, మోటారు వైర్లు నీళ్ళలో వేలాడకూడదు, మోటారు ఆడుతుంటే అసలు దిగకూడదు. పైనుంచి దూకే పని ఈ ఏడాదికి వద్దు, నీళ్ళు ఎండలకి ఎంత తగ్గినాయో, కింద ఏ బండ తేలిందో పైకి కనపడదు. క్వారీ గుంతలు, చెరువులో మట్టి తవ్విన గుంతల వైపు అస్సలు పోవద్దు, ఒక్క అడుగు తేడాలో లోతు మారిపోతుంది. ఇంకొకటి, ఎవరైనా మునుగుతుంటే ఆవేశంతో దూకేయొద్దు. గట్టిగా అరిచి పెద్దోళ్ళని పిలిచి, తాడో క్యానో పంచో ఏది దొరికితే అది విసరాల. మునిగేవాడు దగ్గరికి వచ్చినోణ్ణి పట్టుకుని ఇద్దర్నీ కిందికి లాగేస్తాడు, ఒకడి కోసం దూకి ఇంకొకడు పోయేది ఇట్లనే.

ఊళ్ళో కుదరకపోతే బాధపడొద్దు, ఇంటికి పోయినాక కోచ్ ఉండే పూల్‌లో చేరు. మీ నాన్న ఒక్కరోజు వచ్చి పక్కన కూర్చుని చూస్తే ఆయన భయం కూడా కొంచెం దిగుతుందేమో.

*నమస్తే అమ్మా. నేను రిటైరైన ఉద్యోగిని, చిత్తూరు కట్టమంచి. బెంగళూరు నుంచి మనవడూ మనవరాలూ పది రోజులకి వస్తున్నారు. పోయినసారి మూడో రోజుకే 'బోర్ తాతా' అన్నారు, నాకు చాలా కష్టంగా అనిపించింది. మా పాత మామిడి తోపు ఊళ్ళో ఉంది, నేనే పోక రెండేళ్ళైంది. నా తర్వాత ఎవరికీ అక్కర్లేదేమో.*

అయ్యా, మీ ఉత్తరంలో ప్రశ్న పిల్లల గురించి, బాధ తోపు గురించి. రెంటినీ కలిపేయండి. పిల్లలు వచ్చిన మర్నాడే పొద్దున ఏడు లోపల తోపులో ఉండండి, చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి ఏ చెట్టు ఏ రకమో రాయమనండి. మన దగ్గర తోతాపురిని బెంగళూరా అంటామని చెప్పండి, వాళ్ళ ఊరి పేరుతో ఒక కాయ ఉందని తెలిస్తే పిల్లలు వదిలిపెట్టరు. కొన చిలక ముక్కులా ఎందుకు వంగిందో చూపించి, అక్కడే కోసి ఉప్పు కారం అద్ది పెట్టండి. ఇంత పులుపూ లేదు, అంత తీపీ లేదు, పచ్చిగానే తినే కాయ. బేనీషా, నీలం, మల్గోవా, ఖాదర్, ఇమాంపసందు, మీ తోపులో ఏవి ఉంటే వాటి బొమ్మ, ఆకు వాసన, ఎవరు నాటినారో, అన్నీ రాయించండి. బెంగళూరా అసలు కోతలు జూన్, జూలైలో కదా, అప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడేది, రేటు కోసం రైతులు ఎదురుచూసేది కూడా చెప్పండి. పిల్లలకి కష్టం చెప్పకూడదు అనుకుంటాం గానీ వాళ్ళు వింటారు.

ఒక రోజు చంద్రగిరి కోట పెట్టుకోండి, శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియం ఉండదు. విజయనగర రాజులు చివరి కాలంలో రాజధానిగా ఉన్న చోటు, 1639లో మద్రాసులో ఇంగ్లీషువాళ్ళకి కోటకి స్థలం దొరికింది కూడా ఈ రాజుల ఏలుబడిలోనే. మనవరాలు స్కూల్లో మద్రాసు కోట గురించి చదివి ఉంటే మీరు చెప్పేది వెంటనే పట్టుకుంటుంది. మిగతా రోజులు ఖాళీగా వదిలేయండి. పది రోజులకీ ప్రోగ్రాం వేస్తే అలసిపోయేది మీరే. బోర్ అంటే అననీయండి, ఆ బోరులోనే వాళ్ళు వచ్చి మీ మంచం మీద కూర్చుంటారు.

*అక్కా, మాది గుంటూరు, తిరుపతి కోడల్ని. మా తొమ్మిదేళ్ళ బాబు గంగమ్మ జాతరకి వేషం వేస్తానంటున్నాడు. ఒళ్ళంతా పూసుకోవడం, ఆ బూతులు, నాకు ఇబ్బందిగా ఉంది. మా ఆడబిడ్డేమో నవ్వుతోంది.*

అమ్మాయ్, నీ ఇబ్బంది నాకు అర్థమైంది, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళకి మొదటిసారి అట్లనే ఉంటుంది. ఆడవాళ్ళని చెరబట్టే పాళెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం మార్చిందని ఇక్కడి కథ. బైరాగి, బండ, తోటి, దొర, అట్లా వరసగా వస్తాయి. దొర వేషం రోజే వాడు బయటపడితే అమ్మ చంపిందంటారు, తర్వాత మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్ని ఓదార్చిందంటారు. ఆ ఓదార్పు సంగతి నాకు చాలా ఇష్టం. బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు, దొర వేషానికి గంధం. బాబుకి దొర వేషం వెయ్యి, ఈ ఎండల్లో గంధం ఒంటికి చల్లగా ఉంటుంది. బూతులు తిట్టాలనే రూలేం లేదు, చిన్నపిల్లలు చాలామంది ఊరికే వేపాకు పట్టుకుని అమ్మ గుడికి పోయి వస్తారు. మీ ఆడబిడ్డ నవ్వితే నవ్వనీ, గంధం అరగదీసే పని ఆమెకే అప్పజెప్పు, గుడి దాకా నువ్వు బాబు చెయ్యి పట్టుకుని నడువు.

*అక్కా, 45 ఏళ్ళు, అంగన్‌వాడీ టీచర్ని, పుంగనూరు. స్కూటీ నేర్చుకోవాలి. మా ఆయన నేర్పిస్తానని మొదటిరోజే అరిచినాడు, ఆగిపోయినా.*

ఆయన దగ్గర నేర్చుకోవద్దు. ఆయన మంచోడే అయ్యుంటాడు, కానీ పక్కన భయపడే మనిషి నేర్పలేడు. మీ సెంటర్‌కి వచ్చే తల్లుల్లో స్కూటీ నడిపే అమ్మాయి ఒకరైనా ఉంటుంది, ఆమెని అడుగు, సంతోషంగా వస్తుంది. పొద్దున ఆరింటికి ఖాళీ గ్రౌండ్‌లో మొదటి రెండు రోజులు ఇంజన్ ఆన్ చెయ్యకుండా కాళ్ళతో నెట్టుకుంటా తిరుగు, బ్యాలెన్సు, బ్రేకు అక్కడే వచ్చేస్తాయి. యాక్సిలేటరు తర్వాత. కొంగు సీటు కింద చక్రంలో పడుతుంది, చుడీదారైనా వేసుకో, చీరైతే కొంగు గట్టిగా దోపుకో, హెల్మెట్ గ్రౌండ్‌లో కూడా పెట్టుకో. రోడ్డెక్కే ముందే ఎల్లెల్లార్, అదే నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే లైసెన్సు, తీసుకో, అది 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత లైసెన్సు టెస్టుకి పోవచ్చు. అంటే ఈ వారం అప్లై చేస్తే సెంటర్‌కి స్కూటీ మీద పోయేది జూలై లోపలే.